మర్డర్ హౌస్‌కి వెళ్ళొచ్చిన పిల్లలు

న్యూజిలాండ్‌లో యాభయ్యో అరవయ్యో దాటిన మనిషినెవర్నైనా పట్టుకుని ‘మర్డర్ హౌస్ ఎక్కడుండేది?’ అని అడిగి చూడండి. తడుముకోకుండా తను చదువుకున్న ఎలిమెంటరీ స్కూలు పేరు చెబుతారు. బడి ఆవరణలో ఓ మూలన చిన్న గది. అద్దంలా తుడిచిన నేల, తెల్ల యూనిఫాం మీద ఎర్ర స్వెట్టరు వేసుకున్న నర్సమ్మ, ఒక కుర్చీ, ఒక డ్రిల్లు. అది ప్రభుత్వం నడిపిన బడి పళ్ళ ఆసుపత్రి. పిల్లలకి పైసా ఖర్చు లేదు. దానికి ఆ పిల్లలు పెట్టుకున్న పేరే మర్డర్ హౌస్. అంటే హత్యల కొంప!

నేనీ మాట మొదటిసారి విన్నది ఆఫీసు కాల్‌లో. మా ప్రాజెక్టు క్లయింట్లలో ఓ పెద్దాయనది వెల్లింగ్టన్. ఓ రోజు మీటింగుకి రాలేనని చెబుతూ ‘మర్డర్ హౌస్‌కి పోవాలి’ అన్నాడు. అవతలున్న వాళ్ళ ఆఫీసు వాళ్ళంతా ఘొల్లుమన్నారు, మాకేమో అర్థం కాలేదు. పన్నుకి సిమెంటు పెట్టించుకోడానికి వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. అరవైకి దగ్గరపడిన మనిషి, వందమందిని గడగడలాడించే మనిషి, పదేళ్ళ వయసులో పెట్టుకున్న పేరుని ఇంకా మోస్తున్నాడు. అది నన్ను వదల్లేదు. అప్పట్నుంచీ ఈ పళ్ళ భయం చరిత్రని తవ్వుతూ ఉన్నాను.

పళ్ళ డాక్టరంటే భయమెందుకు అంటే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే - నొప్పి. మరి నొప్పి తగ్గితే భయమూ తగ్గాలి కదా? ఇక్కడే తిరకాసుంది. గత నూట ఎనభై ఏళ్ళలో పంటి నొప్పికి మనిషి ఒకటి కాదు, మూడు మందులు కనిపెట్టాడు. అయినా పదిహేనేళ్ళ పిల్లలు పళ్ళ డాక్టరు పేరు చెబితే ఇప్పటికీ తప్పించుకు తిరుగుతున్నారు. ఎందుకో తెలుసుకోవాలంటే న్యూజిలాండ్ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఎందుకంటే అక్కడ దుర్మార్గులెవరూ లేరు. అందరూ మంచి చెయ్యాలనుకున్న వాళ్ళే.

* * *

మొదటి ప్రపంచ యుద్ధానికి కుర్రాళ్ళని సైన్యంలో చేర్చుకుంటుంటే న్యూజిలాండ్ ప్రభుత్వానికి ఓ చేదు నిజం తెలిసొచ్చింది. పాతికేళ్ళు నిండని వాళ్ళు పిప్పిపళ్ళతోనో, అసలు పళ్ళే లేకుండానో వస్తున్నారు. ఆ రోజుల్లో సైనికుల తిండి రాయిలాంటి బిస్కెట్లు. నమల్లేని వాడు యుద్ధమేం చేస్తాడు? 1915లో సైన్యానికి విడిగా ఒక దంత వైద్య విభాగమే పెట్టాల్సొచ్చింది. దాన్ని నడిపించింది థామస్ హంటర్ అనే దంత వైద్యుడు.

అసలు ఆ దేశంలో పళ్ళ సంగతి ఎంత అధ్వాన్నంగా ఉండేదంటే, ఇరవయ్యొకటో పుట్టినరోజుకో పెళ్ళికి ముందో అమ్మాయికి ఉన్న పళ్ళన్నీ పీకించేసి కట్టుడు పళ్ళ సెట్టు బహుమతిగా ఇవ్వడం మామూలు విషయం. కాబోయే మొగుడికి ముందు ముందు డాక్టరు ఖర్చు తప్పుతుందని! మనవైపు కట్నంతో పాటు స్కూటరు ఇచ్చినట్టన్నమాట. నవ్వొస్తుంది గానీ, ఆ పిల్ల నోట్లోంచి ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

యుద్ధం అయ్యాక హంటర్ ఆరోగ్య శాఖలోకొచ్చి లెక్కలు వేశాడు. పెద్దవాళ్ళ నోళ్ళు బాగుచెయ్యడం ఎలాగూ అయ్యే పని కాదు, పిల్లల దగ్గర మొదలుపెట్టాలి. పిల్లలందరికీ సరిపడా డాక్టర్లు లేరు. కాబట్టి యువతులకి రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, పిల్లల పళ్ళు పూడ్చడం, పాలపళ్ళు పీకడం వరకు నేర్పి, బడుల్లోనే కూర్చోబెట్టాలి. ఆడవాళ్ళైతే పిల్లలతో ఓపిగ్గా ఉంటారు, జీతం తక్కువైనా సరిపోతుంది - అప్పటి ఆలోచనలో ఈ రెండూ ఉన్నాయి. 1921లో వెల్లింగ్టన్‌లో శిక్షణ మొదలైంది, 1923లో తొలి జట్టు బయటికొచ్చింది. ప్రభుత్వమే ఇలాంటి పథకం నడపడం ప్రపంచంలో అదే మొదలు. 1949లో అప్పటి మలయా కూడా ఇదే నమూనా పట్టుకుని పెనాంగ్‌లో శిక్షణ కేంద్రం పెట్టుకుంది.

పథకంగా చూస్తే దీనికి వంక పెట్టలేం. 1970ల నాటికి ఎలిమెంటరీ స్కూలు పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఈ సేవ కింద ఉన్నారు. ఊరు చిన్నదైనా, తండ్రి కూలివాడైనా తేడా లేదు. ఏ దేశమైనా ఈర్ష్య పడాల్సిన అంకె. మరి ఆ పేరెందుకొచ్చింది?

* * *

1921లో ఆ నర్సుల చేతికిచ్చిన డ్రిల్లు కాలితో తొక్కేది. దాని పుట్టుక ఆసక్తిగా ఉంటుంది. 1871లో జేమ్స్ మోరిసన్ అనే అమెరికన్ కుట్టు మిషన్ పెడల్‌ని చూసి, అదే పద్ధతిలో పళ్ళు తొలిచే యంత్రం తయారు చేసి పేటెంటు తీసుకున్నాడు. కాలితో తొక్కుతుంటే చక్రం తిరుగుతుంది, తాడు సాయంతో చివరనున్న ములికి తిరుగుతుంది. మహా అయితే నిమిషానికి రెండు వేల చుట్లు. కరెంటు డ్రిల్లు 1875లోనే అమెరికాలో పుట్టినా, బడుల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా బెల్టుతో నడిచేవే, నిమిషానికి కొన్ని వేల చుట్లకి మించనివే.

నెమ్మదిగా తిరిగితే నొప్పి తక్కువ అనుకుంటాం గానీ, వ్యవహారం తలకిందులు. పన్ను పైపొర - ఎనామిల్ - శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దానికి నరాల్లేవు. నెమ్మదిగా తిరిగే ములికితో దాన్ని తొలవాలంటే గట్టిగా అదిమి పట్టాలి. అదిమితే వేడి పుడుతుంది, అదురు పుడుతుంది. ఆ అదురు దవడ ఎముక గుండా సరాసరి చెవిలోకి పోతుంది. ఎనామిల్ దాటి కింది పొరకి వెళ్ళాక అక్కడ కంటికి కనిపించని సన్నటి గొట్టాలుంటాయి, వాటి నిండా ద్రవం ఉంటుంది. ఆ ద్రవం కదిలితే చాలు, లోపలి నరం జివ్వుమంటుంది. బయటివాళ్ళకి ‘గుర్ర్’ మని వినబడే చప్పుడు, కుర్చీలో ఉన్న పిల్లకి తన పుర్రెలోంచి వినిపిస్తుంది.

ఇదంతా మత్తు ఇంజెక్షన్ లేకుండా! పన్ను పీకేటప్పుడు మత్తిచ్చేవాళ్ళు గానీ, పూడ్చడానికి ఇవ్వకపోవడం దశాబ్దాల పాటు మామూలు.

ఆ నర్సులు రాక్షసులా అంటే, అస్సలు కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకే శిక్షణలో చేరిన ఆడపిల్లలు చాలామంది. ఏడవకుండా కూర్చున్న పిల్లలకి దూది చుట్టలతో, దారంతో తేనెటీగ బొమ్మ చేసి చేతిలో పెట్టేవాళ్ళు. పూడికలో వాడే పాదరసం చుక్క ఒకటి ఆడుకోడానికి ఇచ్చిన వాళ్ళూ ఉన్నారు (ఈ రోజుల్లో అయితే నర్సుతో పాటు ఆ శాఖ మంత్రి ఉద్యోగం కూడా ఊడుతుంది). గోడల మీద ‘బర్టీ జెర్మ్’ అనే సూక్ష్మజీవి బొమ్మల పోస్టర్లు. పళ్ళు తోమకపోతే బర్టీ వచ్చి నీ పన్ను తొలిచేస్తాడు అని. ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకి మాత్రం తొలిచేది బర్టీ కాదని తెలుసు కదా!

* * *

అయితే అసలు ప్రశ్న ఇది. అప్పటికి మత్తుమందు లేదా? లేకేం. అసలు ప్రపంచానికి మత్తుమందుని ఇచ్చిందే పళ్ళ డాక్టర్లు.

1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ‘నవ్వించే వాయువు’ తమాషా ప్రదర్శన ఒకటి జరిగింది. చూడ్డానికి వెళ్ళిన హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు, ఆ గాలి పీల్చిన ఒకతనికి కాలికి దెబ్బ తగిలినా నొప్పి తెలియకపోవడం గమనించాడు. మర్నాడే తను ఆ గాలి పీల్చి, తోటి డాక్టరు జాన్ రిగ్స్ చేత తన పన్నే పీకించుకున్నాడు. ప్రయోగం తన మీదే చేసుకున్నాడు చూడండి, అదీ దమ్మంటే. కానీ 1845 జనవరిలో బోస్టన్‌లో అందరి ముందూ చేసి చూపిస్తే, పన్ను పీకించుకుంటున్న వాడు కేక పెట్టాడు. జనం వెల్స్‌ని ఎగతాళి చేశారు. అతని పాత భాగస్వామి విలియం మోర్టన్ 1846 సెప్టెంబరు 30న ఈథర్‌తో నొప్పి లేకుండా పన్ను పీకాడు, అక్టోబరు 16న బోస్టన్ పెద్దాసుపత్రిలో అదే ఈథర్‌తో ఆపరేషన్ చేయించి చరిత్రకెక్కాడు. వెల్స్ 1848లో మతి చెదిరి జైల్లో ప్రాణం తీసుకున్నాడు.

ఇది మొదటి మందు. మనిషిని మొత్తంగా నిద్రపుచ్చాలి కాబట్టి, చిన్న చిన్న పూడికలకి పనికొచ్చేది కాదు. రెండో మందు 1905 నుంచి వాడుకలోకొచ్చిన నోవకెయిన్. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారు చేసింది. సూదితో చిగురులో పొడిస్తే ఆ పక్క వరకే మొద్దుబారుతుంది. దానికంటే మెరుగైన లిడొకెయిన్‌ని 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేశాడు, 1948లో అమ్మకానికొచ్చింది. ఇప్పటికీ మన పళ్ళ డాక్టర్లు పొడిచేది ఎక్కువగా అదే.

అంటే హంటర్ పథకం మొదలయ్యేసరికే మందు ఉంది. పిల్లల పూడికలకి వాడలేదు, అంతే. ఎందుకు వాడలేదో ఆ పథకం లెక్కల్లోనే ఉంది. ఒక్కో నర్సు చేతికింద కొన్ని వందల మంది పిల్లలు. అందర్నీ ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఇంజెక్షన్ ఇస్తే అది పట్టేదాకా ఆగాలి. ఆ తర్వాత కాసేపు పెదవి మొద్దుబారి, పిల్లలు తెలియక కొరుక్కుంటారు. పైగా అప్పటి సూదులు ఇప్పటిలా వాడి పారేసేవి కావు. ఉడకబెట్టి, మళ్ళీ పదును పెట్టి వాడే లావు సూదులు. డ్రిల్లు కంటే సూదే ఎక్కువ భయపెట్టేది. ఇన్ని లెక్కలు కలిపి చూస్తే ‘కాస్త ఓర్చుకో’ అనడం అందరికీ సులువు. ఓర్చుకోవాల్సిన వాళ్ళకి తప్ప.

మా ఉద్యోగాల్లో దీనికో పేరుంది - దేన్ని కొలుస్తావో అదే పెరుగుతుంది. వాళ్ళు కొలిచింది పూడ్చిన పళ్ళ సంఖ్య. అది బ్రహ్మాండంగా పెరిగింది. పన్ను మీద సన్నటి గీతలా ఉన్నదాన్ని కూడా ‘ముందు ముందు పుచ్చుతుందేమో’ అని తొలిచి పూడ్చేసేవాళ్ళు. ఏడిచిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. భయానికి ఆ రిజిస్టర్‌లో గడే లేదు.

* * *

మూడో మందు న్యూజిలాండ్‌లోనే పుట్టడం ఓ తమాషా. ఒటాగో దంత వైద్య కళాశాల అధిపతి జాన్ వాల్ష్ ఆస్ట్రేలియా నుంచొచ్చినవాడు. పళ్ళ దగ్గర అదురుని మనిషి ఎలా గ్రహిస్తాడో పరిశీలిస్తే, వేగం పెరిగే కొద్దీ బాధ తగ్గుతోందని తేలింది. అంటే ములికిని మరీ మరీ వేగంగా తిప్పాలి. బెల్టుతో అది కుదరదు. గాలి ఒత్తిడితో చిన్న టర్బైన్‌ని తిప్పితే? ప్రభుత్వ పరిశోధన శాఖ ఇంజనీర్లతో కలిసి 1949లో అలాంటి డ్రిల్లుకి పేటెంటు వేశారు. తర్వాత 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ ‘ఎయిరోటర్’ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చినది నిమిషానికి రెండున్నర లక్షల చుట్లకి పైగా తిరిగేది. ఈకతో రాసినట్టు ఆనిస్తే చాలు, ఎనామిల్ తెగుతుంది. నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది కాబట్టి వేడెక్కదు. ఇప్పుడు మనం వినే ‘కీచ్’ మనే చప్పుడు దానిదే.

సూదీ వచ్చింది, వేగమూ వచ్చింది. 1954లో హేస్టింగ్స్ పట్టణంతో మొదలుపెట్టి కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం కూడా వచ్చింది. (ఫ్లోరైడ్ అనగానే మనకి నల్గొండ, కనిగిరి గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ భూమిలోంచి అతిగా వచ్చింది, ఇక్కడ లీటరుకి ఒక మిల్లీగ్రాముకి మించకుండా కొలిచి కలిపారు. మోతాదులోనే ఉంది మందూ, విషమూ.) ఫ్లోరైడ్ పేస్టులొచ్చాయి, పిప్పిపళ్ళు తగ్గాయి. అయినా పేరు మాత్రం మర్డర్ హౌస్‌గానే ఉండిపోయింది. భయం పోలేదు.

దీనికి నాకు దొరికిన మంచి ఆధారం ఒక ప్రశ్నపత్రం. 1969లో అమెరికన్ మనస్తత్వవేత్త నార్మన్ కోరా పళ్ళ భయాన్ని కొలవడానికి నాలుగే నాలుగు ప్రశ్నలు తయారు చేశాడు. రేపు డాక్టరు దగ్గరకి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది? బయట గదిలో మీ వంతు కోసం కూర్చున్నప్పుడు? కుర్చీలో మీరుండగా డాక్టరు డ్రిల్లు సిద్ధం చేస్తున్నప్పుడు? పళ్ళు శుభ్రం చెయ్యడానికి పనిముట్లు తీస్తున్నప్పుడు? ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం ఇరవై. ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన కొలబద్ద ఇది.

ఆ నాలుగూ మళ్ళీ చదవండి. ఒక్కదాంట్లోనైనా నొప్పి ఉందా? డ్రిల్లు పంటికి తగలనే లేదు! నాలుగూ ఎదురుచూపు గురించే. ఇంజెక్షన్ గురించిన ఐదో ప్రశ్న 1995లో గానీ చేర్చలేదు. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకుడు జేసన్ ఆర్మ్‌ఫీల్డ్ ఇదే సంగతిని సిద్ధాంతంగా చెప్పాడు - ఏం జరగబోతోందో తెలియకపోవడం, దాన్ని ఆపే శక్తి తనకి లేకపోవడం, ప్రమాదమనీ రోతనీ అనిపించడం.. ఇవి కలిస్తే భయం పుడుతుందని.

ఇప్పుడు మళ్ళీ ఆ బడికి పోదాం. తరగతి గదిలో లెక్కలు చేసుకుంటుంటారు. మర్డర్ హౌస్ నుంచి తిరిగొచ్చిన పిల్లో పిల్లాడో తలుపు దగ్గర నిలబడి తర్వాతి పేరు చదువుతారు. క్లాసంతా తిరిగి చూస్తుంది. ఆ పేరు గల పిల్ల ఒక్కతే లేచి, ఆవరణ దాటి నడవాలి. అమ్మ పక్కన లేదు, నాన్న లేడు. అడిగే హక్కు లేదు. ఆపమనే హక్కు అంతకన్నా లేదు. పేరు పిలవని రోజున కూడా ఈ రోజు పిలుస్తారేమోనని గుండె దడ. నొప్పి పది నిమిషాలే, ఎదురుచూపు మాత్రం బడిలో ఉన్నన్నేళ్ళూ. వెల్స్ గాలీ, ఐన్‌హార్న్ సూదీ, వాల్ష్ టర్బైనూ ఈ ఎదురుచూపుని తాకనే లేదు.

* * *

ఇక టీనేజి సంగతి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇక్కడుంది.

బడి నర్సు పరిధి పన్నెండు, పదమూడేళ్ళ దాకానే. హైస్కూల్లో చేరాక బయట ప్రైవేటు డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. దానికీ ప్రభుత్వమే డబ్బు కడుతుంది. 1947లో పదహారేళ్ళ దాకా అని మొదలుపెట్టి, తర్వాత పద్దెనిమిదికి పెంచారు. కాగితం మీద ఏ లోటూ లేదు. కానీ మారింది ఒకటుంది. నిన్నటిదాకా ఆసుపత్రి బడికొచ్చి, పేరు పెట్టి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ రోజు నుంచి ఆ పిల్లాడే గుర్తుపెట్టుకుని, ఫోన్ చేసి, వెళ్ళాలి. ఉచితమే అయినా ఎలిమెంటరీ స్కూలు పిల్లలు వెళ్ళినంతగా హైస్కూలు పిల్లలు వెళ్ళరు. మావోరీ, పసిఫిక్ దీవుల కుటుంబాల్లో, పేదల ఇళ్ళల్లో ఇంకా తక్కువ.

పెద్దవాళ్ళు దీన్ని ‘కుర్రతనం, నిర్లక్ష్యం’ అని కొట్టిపారేస్తారు. నేనలా అనుకోను. ఏడెనిమిదేళ్ళ పాటు వద్దనే హక్కు లేకుండా కూర్చోబెట్టిన వాడికి, జీవితంలో మొదటిసారి వద్దనే అవకాశం వచ్చింది. వాడు దాన్ని వాడుకున్నాడు. ఇది నిర్లక్ష్యమెలా అవుతుంది? పైగా ఆ వయసులో సిగ్గొకటి తోడవుతుంది. నోరు తెరిస్తే ‘ఇన్నాళ్ళూ ఏం చేశావు, తోముకోవా’ అని క్లాసు పీకుతారు. పదేళ్ళ వాడు ఆ మాట మర్చిపోతాడు. పదిహేనేళ్ళ వాడు మర్చిపోడు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. న్యూజిలాండ్‌లోనే డునెడిన్ అనే నగరంలో, 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి మధ్య ఒక ఆసుపత్రిలో పుట్టిన 1037 మందిని చిన్నప్పట్నుంచీ ఇప్పటిదాకా వెంబడిస్తున్న ప్రఖ్యాతమైన అధ్యయనం ఉంది. బడి నర్సుల చేతుల్లో పెరిగిన తరమే అది. వాళ్ళ పళ్ళని అయిదో ఏట, పదిహేనో ఏట చూశారు. పద్దెనిమిదో ఏట పళ్ళ భయం గురించి అడిగారు. అయిదేళ్ళ వయసులో ఎన్ని పళ్ళు పుచ్చాయన్నదానికీ పద్దెనిమిదిలో భయానికీ సంబంధం కనబడలేదు. పదిహేనేళ్ళప్పుడు పుచ్చిన పళ్ళకి మాత్రం ఉంది! తర్వాత ముప్ఫై రెండేళ్ళ దాకా వాళ్ళని అదే ప్రశ్నపత్రంతో కొలిస్తే, మొదట్నుంచీ భయపడేవాళ్ళతో పాటు, టీనేజిలో కొత్తగా భయం పట్టుకున్న గుంపు ఒకటి విడిగా తేలింది. భయం వదిలించుకున్న గుంపు కూడా తేలింది. ఇది మంచి వార్త. అంటే ఈ భయం పుట్టుకతో వచ్చే నుదుటి రాత కాదు. రావడానికి ఒక వయసుంది, పోవడానికి ఒక దారుంది.

వెళ్ళకపోతే ఏమవుతుందో 1984లోనే స్వీడన్ దంత వైద్యుడు ఉల్ఫ్ బెర్గ్‌గ్రెన్ వివరంగా చెప్పాడు. భయం వల్ల వెళ్ళరు. వెళ్ళకపోతే పన్ను పాడవుతుంది. ఓర్చుకోలేని నొప్పొచ్చాక వెళ్తారు. అప్పటికి చిన్న పూడికతో అయ్యే పని కాదు, నరం తియ్యాలి లేదా పీకాలి. పెద్ద పని కాబట్టి పెద్ద బాధ. ‘చూశావా, నేననుకున్నదే అయింది’ అని భయం రెట్టింపవుతుంది. పాడైన నోరు చూపించడానికి సిగ్గు. మళ్ళీ వెళ్ళరు. ప్రోగ్రామర్లకి చెప్పక్కర్లేదు, ఇది బయటికి రావడానికి షరతు లేని లూప్.

న్యూజిలాండ్‌లో ఈ లూప్‌కి ఇంకో మెలిక ఉంది. పద్దెనిమిదో పుట్టినరోజుతో ఉచితం ఆగిపోతుంది. ఆ తర్వాత చాలామంది సొంత జేబులోంచే కట్టుకోవాలి, అక్కడ పళ్ళ డాక్టరు ఫీజులు మామూలుగా ఉండవు. భయంతో ఐదేళ్ళు తప్పించుకున్న కుర్రాడికి, కాస్త ధైర్యమొచ్చే వేళకి బిల్లు అడ్డం నిలబడుతుంది. వాడు వెళ్ళనిది భయం వల్లా, డబ్బు వల్లా అంటే వాడే చెప్పలేడు.

* * *

ఆ దేశం ఊరికే కూర్చోలేదు. చిన్న చిన్న గీతల్ని తొలిచే పద్ధతి 1970ల చివర్నుంచి తగ్గించారు. నర్సుల పేరు డెంటల్ థెరపిస్టులుగా మారింది, వాళ్ళ శిక్షణ విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. పూడికకి మత్తివ్వడం మామూలైంది. బడి మూలనున్న గదుల్లో చాలా వాటికి తాళం పడి, వాటి బదులు వ్యాన్లు తిరుగుతున్నాయి. అమ్మానాన్నలు పక్కన కూర్చోవచ్చు. పేరు మాత్రం పోలేదు. అమ్మమ్మలు, తాతలు మనవల ముందు ఆ మాట నవ్వుతూ వాడేస్తారు, మనవడు అది విని, వెళ్ళకముందే భయపడతాడు.

ఈ చివరి ముక్క దగ్గర మనం కూడా ఆగి ఆలోచించాలి. మనకి బడి నర్సులు లేరు, మర్డర్ హౌస్ లేదు. కానీ అన్నం తినకపోతే ‘డాక్టరు మామయ్య దగ్గరకి తీసుకెళ్ళి సూది వేయిస్తా’ అనని ఇల్లుందా? మా పిన్ని కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. దవడ పన్ను పుచ్చి ఆరు నెలలు లవంగ నూనెతో నెట్టుకొచ్చాడు. ఇంట్లో అందరూ ‘ఇంత మొగాడివి, సిగ్గు లేదా’ అన్నవాళ్ళే గానీ, ఏం చూసి భయపడుతున్నావురా అని అడిగినవాళ్ళు లేరు. నేనడిగితే వాడు చెప్పింది నొప్పి గురించి కాదు. ‘నోట్లో అన్నీ పెట్టేశాక ఆపమని ఎలా చెప్పాలన్నయ్యా?’ అన్నాడు.

దీనికి జవాబు ఖరీదైందేం కాదు. 1959లోనే హ్యారీ ఆడెల్‌స్టన్ అనే అమెరికన్ దంత వైద్యుడు పిల్లల కోసం ఓ పద్ధతి చెప్పాడు - ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి. దానికి తోడు ‘చెయ్యెత్తితే ఆపేస్తాను’ అని ఒప్పందం చేసుకుని, ఎత్తినప్పుడు నిజంగా ఆపితే చాలు. దీనికి టర్బైన్ అక్కర్లేదు, పేటెంటు అక్కర్లేదు. ఓ అర నిమిషం పడుతుంది. వందల మంది పిల్లల్ని చూడాల్సిన నర్సుకి ఆ అర నిమిషం కూడా మిగల్లేదు. అది ఆమె తప్పనుకోను, లెక్కలు వేసినవాళ్ళది.

మావాడిని నేనే ఓ డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళాను. చెయ్యెత్తే ఒప్పందం ముందే కుదిర్చాం. మొత్తం పనిలో వాడు రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండోసారి ఎందుకెత్తావని ఆవిడ అడిగితే, ‘ఊరికే, ఆపుతారో లేదోనని’ అన్నాడు.